నైరుతి మూల గొయ్యి

మీ పెరట్లో కుక్క గొయ్యి తవ్వితే మీరు మొదట ఎవరిని అడుగుతారు? పక్కింటివాళ్లనా, సిద్ధాంతినా, సెల్‌ఫోన్‌నా? కుక్కను ఎప్పుడైనా అడిగారా?

నవ్వకండి. నేనూ అడగలేదు. హైస్కూల్లో ముప్పై మూడేళ్లు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. చేతబడి లేదని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి. నిప్పుల మీద ఎవరైనా నడవొచ్చని, అందులో మహిమేమీ లేదని, సభలో జనం ముందు నడిచి చూపించినవాణ్ణి. అలాంటి నేను నా ఇంట్లో, నా కళ్లముందు ఒక కుక్క మూడు వారాలు నేల తవ్వుతుంటే, ఎందుకు తవ్వుతోందన్న ప్రశ్న వేసుకోలేదు. ఎలా ఆపాలన్నదొక్కటే ఆలోచించాను. కారణం అడగకుండా విరుగుడు వెతికేవాళ్లను నేను జీవితమంతా తిట్టాను. ఆ తిట్లన్నీ ఆ మూడు వారాల్లో నాకే వర్తించాయి.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. తిరువూరులో ఊరి చివర కాలనీలో మా ఇల్లు. చుట్టూ ప్రహరీ, తూర్పు వాకిలి. కట్టేటప్పుడు మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, దగ్గరుండి చూసుకున్నాడు. ఆయనకు వినగడపలో మామిడి తోట ఉంది. మనిషి మంచివాడు, వాస్తు లేనిదే కోళ్లగూడు కూడా కట్టడు. ఆయనకూ నాకూ పునాది దగ్గర్నుంచే వాదన. ముహూర్తం వద్దన్నాను, నెగ్గాను. గుమ్మానికి గుమ్మడికాయ వద్దన్నాను, నెగ్గాను. వంటగది ఏ మూల ఉండాలో గాలి వాటాన్ని బట్టి నేనే చెప్పాను, నెగ్గాను. ఆఖరికి ఆయన పట్టుబట్టింది ఒక్కటే. నైరుతి మూల, అంటే దక్షిణం, పడమర కలిసే మూల, మిగతా స్థలం కంటే ఎత్తుగా ఉండాలని. అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. మట్టే కదా, పోనీలే అన్నాను. ఆరు ట్రాక్టర్ల చెరువు మట్టి తోలించి ఆ మూల దిబ్బ పోయించాడు. దాని మీద సపోటా మొక్క నాటించాడు. మిగతా జాగా అంతా ఊడ్చుకోవడానికి సులువని మేం గచ్చు చేయించుకున్నాం. ఈశాన్యాన బోరు దగ్గర మా ఆవిడ దొండపాదు పెట్టుకున్న రెండు చేతుల వెడల్పు చోటు తప్ప, గేటు నుంచి వెనక గోడ దాకా సిమెంటే.

ఈ వివరాలన్నీ ఇప్పుడు కాగితం మీద వరసగా పెడుతుంటే చదివేవాళ్లకు విషయం ఇట్టే తెలిసిపోతుంది. నాకు మాత్రం అప్పుడు తెలియలేదు.

ఇక కుక్క. ఏడాదిన్నర కిందట మా ఆవిడ నెమలి అనే ఊళ్లో గుడికి వెళ్లింది. నేను గుళ్లకు వెళ్లను, ఆమెను ఆపను. సాయంత్రం ఆటో దిగేటప్పుడు ఆమె చీర కొంగులో ఏదో కదులుతోంది.

"గుడికెళ్తే ప్రసాదం తెస్తారనుకున్నానే" అన్నాను.

"ఇదే ప్రసాదం. ఆటోస్టాండులో చక్రాల కింద పడబోయింది. మీరెటూ గుడి ప్రసాదం తినరుగా, దీనికి పాలు పొయ్యండి" అంది.

నల్లటి ఒళ్లు, నాలుగు కాళ్లకూ తెల్లటి మేజోళ్లు తొడిగినట్టు మచ్చలు. మామూలు ఊరకుక్క. పెరిగేకొద్దీ దానికి ఒంట్లో ఎక్కడా నిలకడ లేదని తెలిసింది. నిలబడి ఉన్నప్పుడు కూడా తోక పరిగెడుతుంటుంది. చీపురు కనిపిస్తే యుద్ధం, పేపరు పడితే పండగ. అది మా ఆవిడ కుక్క. ఆమె ఉదయం పాలకు వెళ్తే వెనకాల వెళ్లేది, సాయంత్రం తోటల దారిన నడకకు వెళ్తే ముందు పరిగెత్తేది. నేను వరండాలో కూర్చుని వ్యాసాలు రాసుకునేవాణ్ణి. దానికీ నాకూ మర్యాదపూర్వకమైన పరిచయం, అంతే.

మే నెల వచ్చింది. తిరువూరు ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆ నెలలోనే మా ఆవిడకు కడుపునొప్పి మొదలైంది. కుడిపక్క పట్టుకుని మంచం మీద వంగి కూర్చునేది. విజయవాడ తీసుకెళ్తే స్కానింగ్ చేసి పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. ఆపరేషన్ చేయాలి, చిన్నదే, మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. ఒక బుధవారం నాడు రమ్మన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కుక్క తవ్వడం మొదలుపెట్టింది. సపోటా కింద, నైరుతి దిబ్బ మీద. మొదటి రోజు గిన్నెడు గొయ్యి. పార తెచ్చి పూడ్చాను. రెండో రోజు గంపెడు. పూడ్చి పైన రాళ్లు పేర్చాను. మూడో రోజు రాళ్ల పక్కన తవ్వింది. నేను పూడ్చడం, అది తవ్వడం. చివరికి దానికి నేనొక కూలివాణ్ణి అయ్యానేమోనని అనుమానం వచ్చింది. మట్టి వదులు చేసి రోజూ సిద్ధంగా పెడుతున్నాను మరి.

ఆపరేషన్ ఇంకా పది రోజులుందనగా ఒక ఆదివారం మా బావగారు మామిడిపళ్ల బుట్టతో వచ్చాడు. కాళ్లు కడుక్కోవడానికి పక్కకు వెళ్లినవాడు అక్కడే ఆగిపోయాడు.

"ఏంటి బావా ఇది?"

"గొయ్యి."

"గొయ్యని నాకూ తెలుస్తోంది. ఎక్కడ తవ్విందో చూశావా?"

"కుక్క తవ్విన చోట."

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. దక్షిణ నైరుతి బావా ఇది. పడమర పక్కనుంటే మనకి తగులుద్ది, దక్షిణం పక్కనుంటే ఆడవాళ్లకి తగులుద్ది. గొయ్యి పడిందెప్పుడు, చెల్లికి నొప్పి మొదలైందెప్పుడు? చూసుకున్నావా అసలు? పై బుధవారం నా చెల్లెల్ని కత్తి కిందకి పంపిస్తా, ఇంట్లో ఇంత గొయ్యి పెట్టుకుంటావా?"

నేను ఊరుకుంటానా? వరండాలో కూర్చోబెట్టి అరగంట చెప్పాను. పిత్తాశయంలో రాయి ఎలా తయారవుతుందో బొమ్మ గీసి చూపించాను. నైరుతిలో కొండలున్నవాళ్లకూ రాళ్లొస్తాయన్నాను. గొయ్యి తవ్వకముందే ఆ రాళ్లు లోపల ఉండి ఉంటాయన్నాను. రెండు సంగతులు ఒకే నెలలో జరిగితే ఒకటి రెండోదానికి కారణం కాదన్నాను. ఆయన ఓపికగా మామిడిపండు చీక్కుంటూ మొత్తం విన్నాడు. టెంక పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పింది బానే ఉంది బావా. గొయ్యి మాత్రం అక్కడే ఉంది."

అంతలో గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ మాట్లాడింది. "అన్నయ్యా, దాన్ని నీ తోటకి తీసుకెళ్లు."

మేమిద్దరం తిరిగి చూశాం.

"తోటలో కోతులు పడుతున్నాయన్నావుగా. గొలుసేసి చెట్టుకి కట్టుకో. పై ఆదివారం బండి తీసుకురా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆమె కాళ్ల వెంట కుక్క కూడా తోకాడించుకుంటూ లోపలికి వెళ్లింది.

నాకు ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. చక్రాల కింద నుంచి తీసి కొంగులో చుట్టుకొచ్చిన మనిషి ఆమె. ఆ కుక్క గొలుసు మీద ఎలా బతుకుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. నిలబడ్డప్పుడు కూడా తోక పరిగెత్తే జీవాన్ని నాలుగు మూరల గొలుసుకు కట్టి, కోతుల మీద మొరగమని చెట్టు కింద వదిలేయడం. ఆమె అందుకు ఒప్పుకుందంటే ఎంత భయపడుతోందో అర్థమైంది. నా అరగంట ఉపన్యాసం ఆ భయాన్ని ఒక్క అంగుళం కూడా కదపలేదు.

"ఆదివారం లోపల తవ్వకం ఆపించేస్తాను. ఆపితే కుక్క ఇక్కడే ఉంటుంది" అన్నాను బావగారితో.

"నీకంత నమ్మకం ఉంటే నాదేం పోయింది? బండైతే తెస్తా" అన్నాడు.

సోమవారం గోతిలో కారప్పొడి చల్లాను. ఎవరో చెప్పారు, నేను చేశాను. అందులో సైన్సేమిటని అడగకండి. కుక్క వాసన చూసి తుమ్మింది, కళ్లు నులుముకుంటూ గచ్చు మీద దొర్లింది. ఆ తర్వాత వడగాలి లేచి కారమంతా ఆరేసిన బట్టల మీద పడింది. మా ఆవిడ మంచం మీద నుంచే కుక్క కళ్లు తడిగుడ్డతో తుడిచి, నా కేసి చూసింది.

మంగళవారం తాడుతో కిటికీ చువ్వకు కట్టాను. పొద్దున్నుంచి మొరిగి మొరిగి గొంతు పోగొట్టుకుంది. మధ్యాహ్నం తాడు కొరికేసి, తిన్నగా వెళ్లి నిన్నటికంటే లోతుగా తవ్వింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. మెడపట్టీ పట్టి గోతి దగ్గరకు లాక్కెళ్లి, గొయ్యి చూపిస్తూ గట్టిగా కేకలేశాను. అది చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకానించి, నా చెయ్యి నాకింది. "దీనికి పంతం. కావాలనే చేస్తోంది" అన్నాను ఇంట్లోకి వచ్చి.

ఇప్పుడు తలచుకుంటే ఆ మాట దగ్గరే నాకు సిగ్గేస్తుంది. మా బావగారు గోతిలో కీడును చూశాడు. నేను కుక్కలో పంతాన్ని చూశాను. రెండూ కళ్లకు కనపడేవి కావు. రెండింటికీ ఆధారం లేదు. ఆయన్ని మూఢుడని అరగంట దులిపిన నేను, రెండు రోజులు తిరగకముందే, ఒక మూగజీవానికి నా మీద కక్ష ఉందని నమ్మేశాను. ఏం తేడా?

ఆ సాయంత్రం ఇంకో ఆలోచన చేశాను. ఆ మూల కూడా కంకర పోసి గచ్చు చేయించేస్తే గొడవ వదిలిపోతుందని. ఇల్లు కట్టేటప్పుడు మట్టి తోలిన ట్రాక్టరు సాయిబుగారికి ఫోను చేశాను. చీకటి పడకముందే స్కూటర్ మీద వచ్చి చూశాడు. గోతి పక్కన గొంతుక్కూర్చుని గుప్పెడు మట్టి తీసి నలిపాడు.

"ఈ మట్టి నేను తోలిందే కదా మాస్టారు. చెరువు పూడిక. ఇన్నేళ్లయినా ఎంత మెత్తగా ఉందో చూడండి. ఎండాకాలం మా గేదెల కింద కూడా ఇదే పరుస్తాం. పైన కాలుద్దిగానీ జానెడు లోపల చల్లగా ఉంటది."

"దీని మీద గచ్చు చేస్తే ఎంత కంకర పడుద్ది?" అన్నాను.

ఆయన లేచి చుట్టూ చూశాడు. గేటు నుంచి వెనక గోడ దాకా చూశాడు. "ఊరంతా రోడ్డేసినట్టు ఇల్లంతా సిమెంటేసేశారు. ఈ మూలొక్కటే మిగిలింది. ఇది కూడా మూసేస్తే ఆ కుక్క ఎక్కడికెళ్లుద్ది మాస్టారు? మీ మంచమెక్కుద్ది" అన్నాడు. స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "కంకరెక్కడికీ పోదు. రెండ్రోజులు దాన్ని చూడండి. అది మనలాగా ఊరికే పనులు చెయ్యదు" అన్నాడు.

చూడండి. అంతే ఆయన చెప్పింది. పిల్లలకు ముప్పై మూడేళ్లు నేను చెప్పిందీ అదే. పరికల్పన తర్వాత, ముందు పరిశీలన. కప్పను చూడండి, విత్తనాన్ని చూడండి, నీడ ఎటు పడుతోందో చూడండి. ఇంట్లో కుక్కను మాత్రం చూడలేదు.

ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పాత నోటుపుస్తకం ఒకటి పట్టుకుని, బుధ, గురువారాలు రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఉదయం ఆరు, పాలబండి మీద మొరిగింది. ఏడు, గేటు సందులోంచి వీధి చూస్తోంది. ఎనిమిది, మా ఆవిడ గది గుమ్మంలో పడుకుంది. పదకొండున్నర, వరండా ముందు గచ్చు మీద పడుకుంది, లేచింది, నాలుగడుగులు వేసి మళ్లీ పడుకుంది, మళ్లీ లేచింది. అక్కడ రాయడం ఆపి చెప్పులు విప్పి ఆ గచ్చు మీద నిలబడ్డాను. పది అంకెలు లెక్కపెట్టేలోగా కాళ్లు ఎత్తేశాను. నిప్పుల మీద గబగబా నడిచి దాటేశాను కాబట్టి సభలో చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ కుక్క రోజంతా దీని మీదే ఉంటోంది.

పన్నెండుకు అది సపోటా కిందకు వెళ్లింది. తీరిగ్గా తవ్వింది. రంగు మారి తడి మట్టి తగిలాక ఆగింది. రెండు చుట్లు తిరిగి, పొట్ట ఆ చల్లటి మట్టికి ఆనించి, కాళ్లు వెనక్కి చాపి పడుకుంది. నేను వెళ్లి పక్కన చెయ్యి పెట్టి చూశాను. కుండలో చెయ్యి పెట్టినట్టుంది. కుక్క ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుంది. దాని దగ్గర పంతమేమీ కనపడలేదు.

సాయంత్రం ఐదున్నరకు మళ్లీ తవ్వింది. ఈసారి తీరు వేరు. మట్టి ప్రహరీ దాకా ఎగరగొట్టింది, గుండ్రంగా పరిగెత్తింది, వచ్చి మళ్లీ ఎగరగొట్టింది, పడుకోలేదు. చల్లదనం కోసం కాదని తెలుస్తూనే ఉంది. మరి ఎందుకు? గురువారం కూడా సరిగ్గా ఐదున్నరకే. గోడ గడియారం చూసి తవ్వుతోందా ఏమిటి అనుకుంటూ పుస్తకంలో వేళ రాశాను. రాశాక ఆ వేళ కేసి చూస్తూ ఉండిపోయాను. ఐదున్నర మా ఆవిడ నడకకు బయల్దేరే వేళ.

నొప్పి మొదలయ్యాక ఆమె నడక మానేసింది. అంటే కుక్క నడక కూడా ఆగిపోయింది. కోసు దూరం పరిగెత్తి వచ్చే జీవం మూడు వారాలుగా నాలుగు గోడల మధ్య ఉంది. దాన్ని తీసుకెళ్లాల్సిన రెండో మనిషి వరండాలో కూర్చుని మూఢనమ్మకాల మీద వ్యాసం రాసుకుంటున్నాడు.

మా బావగారు అన్న మాట గుర్తొచ్చింది. గొయ్యి పడిందెప్పుడు, నొప్పి మొదలైందెప్పుడు, చూసుకున్నావా అని. ఆయన చూసింది నిజమే. ఆ రెండింటికీ సంబంధం ఉంది. దాన్ని ఆయన తిరగేసి చదివాడు, నేను చదవకుండానే కొట్టిపారేశాను. గొయ్యి వల్ల జబ్బు రాలేదు. జబ్బు వల్ల గొయ్యి వచ్చింది. ఇక ఆ మూలే ఎందుకంటారా? ఇంటికి కీడు రాకూడదని అక్కడ మెత్తటి మట్టి పోయించుకున్నాం, నీడకు చెట్టు పెట్టుకున్నాం, మిగతాదంతా సిమెంటు చేసుకున్నాం. కుక్కకు వేరే చోటు లేకుండా చేసి, తవ్విందని దాన్ని వెళ్లగొడుతున్నాం. ఆ మట్టికి "పోనీలే" అన్నది నేనే.

ఆ సాయంత్రమే దాన్ని తోటల దారికి తీసుకెళ్లాను. అది నన్ను తీసుకెళ్లిందంటే నిజం. "ఏం మాస్టారు, ఎవరు ఎవర్ని తిప్పుతున్నారు?" అని సైకిల్ మీద పోతున్నాయన అడిగాడు. తిరిగొచ్చాక అది నీళ్లు తాగి, మా ఆవిడ మంచం కింద చతికిలబడి నిద్రపోయింది. తవ్వలేదు.

మిగిలింది మధ్యాహ్నపు తవ్వకం. చల్లటి మట్టి దానికి కావాలి, అది న్యాయమైన కోరిక. ఇంకో చోట ఇవ్వాలి. శుక్రవారం పొద్దున్నే గునపం తీసుకుని గచ్చు పగలగొట్టడానికి ఆగ్నేయ మూలకు బయల్దేరాను. మా ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తోంది.

"అక్కడెందుకు?" అంది.

"ఎక్కడైతేనేం?"

"మిట్టమధ్యాహ్నం దాకా ఎండ అక్కడే మొత్తుద్ది. నీడుందా, నీళ్లున్నాయా? దొండ పందిరి కింద చెయ్యచ్చుగా. బోరు పక్కనే, గిన్నెలు కడిగిన నీళ్లు కూడా అటే పోతాయి. మధ్యాహ్నమైతే ఇంటి నీడ పడుద్ది."

నేను పందిరి కేసి చూసి, మళ్లీ ఆగ్నేయం వైపే అడుగేశాను. ఆమె నవ్వింది. మూడు వారాల తర్వాత మొదటిసారి.

"నాకు తెలుసులెండి. అది ఈశాన్యం. ఈశాన్యంలో గొయ్యి మంచిదంటారు సిద్ధాంతులు. అక్కడ తవ్వితే మా అన్నయ్య నవ్వుతాడని మీ బాధ. కుక్కకి వాస్తు తెలీదంటారు. మీకు మాత్రం బాగా తెలుసు."

గునపం నేలకు ఆనించి నిలబడిపోయాను. ఎన్నో సభల్లో ఎన్నో ప్రశ్నలు ఎదుర్కొన్నాను, ఇంత సూటిగా ఎవరూ పట్టుకోలేదు. సిద్ధాంతి చెప్పాడని ఒక మూల ఎంచుకునేవాడు వాస్తుకు లొంగినట్టే. సిద్ధాంతి కాదన్నాడని ఇంకో మూల ఎంచుకునేవాడు కూడా లొంగినట్టే. నీడనూ నీళ్లనూ చూసి ఎంచుకున్నవాడే స్వతంత్రుడు. గునపం ఎత్తుకుని దొండ పందిరి కిందకు వెళ్లాను.

పందిరి కింది మట్టికి ఆనుకుని మంచమంత మేర గచ్చు పగలగొట్టడానికి నాకు శుక్రవారం రోజంతా పట్టింది. శనివారం ట్రాక్టరు సాయిబుగారు ఇసుక, చెరువు మట్టి కలిపి తెచ్చి పోశాడు. చుట్టూ ఇటుకలు పాతాం, లోపల నీళ్లు చల్లాం. నైరుతి దిబ్బ చదును చేసి, అల్మరాలు పెట్టించినప్పుడు మిగిలిన నాపరాళ్లు పరిచాను. కొత్త మట్టిలో మా ఆవిడ చెప్పినట్టు ఒక ఎండుచేప తల, రొట్టె ముక్క పాతిపెట్టాను. కుక్కను తెచ్చి వదిలితే ముక్కు ఆనించింది, నన్ను చూసింది, కారప్పొడి గుర్తొచ్చిందేమో వెనక్కి తగ్గింది. అందుకు నేనే కారణం. పక్కన కూర్చుని నా చేత్తో మట్టి గీకి చూపించాను. చేప తల వాసన తగిలాక ఇక ఆగలేదు. మట్టి నా చొక్కా మీద పడింది. "భేష్" అన్నాను. దానికి మొదటిసారి మెచ్చుకోలు దొరికింది, అదీ తవ్వినందుకు.

ఆదివారం బావగారు ట్రాలీ ఆటోతో దిగాడు. చేతిలో కొత్త గొలుసు. నైరుతి చూశాడు, నాపరాళ్లున్నాయి. తల తిప్పి ఈశాన్యం చూశాడు. తడి మట్టిలో పొట్ట ఆనించి కుక్క పడుకుని ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"నైరుతిలో బరువు, ఈశాన్యంలో గొయ్యి! బావా, నాకు చెప్పకుండా సిద్ధాంతి దగ్గరికెళ్లొచ్చావా ఏంటి?"

నేను నోరు తెరిచాను. అరగంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. నాకంటే ముందు మా ఆవిడ నోటుపుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"సిద్ధాంతి దగ్గరికి కాదన్నయ్యా, కుక్క దగ్గరికెళ్లారు. చదువు. నాకు నొప్పొచ్చి నడక మానేశాను, అందుకని తవ్వింది. గచ్చు కాలింది, అందుకని తవ్వింది. అక్కడ మెత్తమట్టి పోయించింది నువ్వే."

ఆయన పుస్తకం రెండు పేజీలు తిప్పాడు. ఐదున్నర అన్న చోట వేలు పెట్టి కాసేపు చూశాడు. "అయితే మట్టి పోయించిన పాపం నాదంటావా?" అన్నాడు.

"సగం నీది. పోనీలే అన్న సగం ఆయనది."

"సరే, గొయ్యి ఈశాన్యంలోనే పడిందిగా" అన్నాడు నవ్వుతూ, వదలకుండా. గొలుసు మాత్రం బండిలోనే వదిలేశాడు. ఆయన మారిపోయాడని నేను రాయను. మారలేదు. కుక్క మాత్రం బండెక్కలేదు.

మంగళవారం సాయంత్రం విజయవాడకు బట్టలు సర్దుతుంటే మా ఆవిడ కనపడలేదు. చూస్తే పెరట్లో నాపరాళ్ల దగ్గర నిలబడి ఉంది. రాళ్ల అంచున మట్టి ఎక్కడైనా కదిలిందా అని చూస్తోంది. పాత నేనైతే అప్పుడే మొదలుపెట్టేవాణ్ణి, ఇన్ని చెప్పాక కూడా ఇంకా నమ్ముతున్నావా అని. రెండు రోజులు కుర్చీలో కూర్చున్న మనిషి ఇంకో ప్రశ్న అడిగాడు.

"భయంగా ఉందా?"

"ఆపరేషనంటే భయముండదా?" అంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీతో చెప్తే వాదిస్తారు."

కుక్క తవ్వినట్టే ఆమె భయం కూడా దొరికిన చోట తవ్వుకుంది. మత్తు ఇస్తే లేస్తానో లేదో అన్న భయం అది. పైకి చెప్పుకునే చోటు నేను ఇంట్లో మిగల్చలేదు. అంతటా సిమెంటు చేసి పెట్టాను. మిగిలింది నైరుతి మూల ఒక్కటే. ఇద్దరం సపోటా కింద ఆ నాపరాళ్ల మీద కూర్చున్నాం. మత్తు ఎలా ఇస్తారో, ఎంతసేపు పడుతుందో, నేను ఎక్కడ నిలబడి ఉంటానో ఆమె అడిగింది, నేను చెప్పాను. తెలియనివి తెలియవని చెప్పాను. వాదించలేదు.

బుధవారం ఆపరేషన్ అయింది. శనివారం ఇంటికి తీసుకొచ్చాను. ఆటో చప్పుడు వినగానే దొండ పందిరి కింద నుంచి ఒళ్లంతా మట్టితో ఒక నల్లటి పిడుగు దూసుకొచ్చింది. కుట్ల మీదకు ఎగరకుండా నేను అడ్డం పడ్డాను. నా చొక్కా ఆ రోజు కూడా పోయింది.

అది ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పు చోట తవ్వుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టి నడక మానేస్తే నాపరాళ్ల అంచున గీకుతుంది. అప్పుడు నేను పార తీసుకోను, చెప్పులేసుకుంటాను.

మీ ఇంట్లో గొలుసుకు కట్టిన కుక్క ఉందా? ఇది చదవడం పూర్తవగానే లేవండి. గేటు వేసి, గొలుసు విప్పండి. చెప్పులు విడిచి మీ గచ్చు మీద మధ్యాహ్నం ఒంటిగంటకు నిలబడండి. కుర్చీ, కాగితం పట్టుకుని రెండు రోజులు దాని ఎదురుగా కూర్చుని, ఏ వేళకు ఏం చేస్తోందో రాయండి. ఒక మూల సిమెంటు పగలగొట్టి దానికి మట్టి ఇవ్వండి. ఆ పని అయ్యాక ఇంట్లోకి వెళ్లి, మీకు భయపడి మీకేమీ చెప్పని మనిషి పక్కన కూర్చోండి. ఏం భయమో అడగండి. అడిగి, నోరు మూసుకుని వినండి.